పాలు తగ్గక ముందే పట్టుకోండి: ఆవు, బర్రె ఆరోగ్యాన్ని ఇంటి దగ్గరే పరీక్షించడం ఎలా

గొడ్డుకు బాగాలేదని మనకు తట్టేది మామూలుగా పాలు తగ్గినప్పుడే. అప్పటికే అది రెండు మూడు రోజులుగా ఆ సంగతి చెబుతూ ఉంటుంది. నెమరు తగ్గుతుంది, ఎడమ డొక్క లోపలికి పోతుంది, నడుస్తుంటే నడుం వంగుతుంది. ఇవన్నీ కంటికి కనిపించేవి, చేతికి తగిలేవి. వారానికి ఒక రోజు పెట్టుకుని, ఒకే వేళకు, ఒకే వరుసలో చూసి రాసుకోండి. ఐదారు గొడ్లున్న ఇంట్లో ఇది గంట, గంటన్నర పని.

కావలసినవి: డిజిటల్ థర్మామీటరు, ఫోనులో గడియారం, నల్లటి పలక లేదా నల్ల గిన్నె, నాలుగు చిన్న కప్పులు, బట్టలుతికే పొడి, పిండి జల్లెడ, నోటు పుస్తకం. పుస్తకంలో ఒక్కో గొడ్డుకు ఒక పేజీ కేటాయించండి. ముప్పై దాకా ఉంటే అన్నిటినీ చూడాలి. అంతకు మించిన డెయిరీ అయితే కనీసం ముప్పై చూడండి. గేటు దగ్గర నిలబడినవే కాకుండా, పాలు పితికే వరుసలో ఒకటి విడిచి ఒకటి పట్టుకోండి. కుంటేవి, నీరసించినవి ఎప్పుడూ వెనకనే ఉంటాయి. దగ్గరున్నవే చూస్తే అవి తప్పిపోతాయి.

ముందు తాకకండి

మేత వేసిన రెండు గంటల తర్వాత కొట్టంలోకి వెళ్లి, గొడ్లు మిమ్మల్ని పట్టించుకోవడం మానేదాకా ఒక మూల నిలబడండి. పది నిమిషాలు పట్టొచ్చు. ఆ వేళకు చాలావరకు పడుకుని ఉండాలి, పడుకున్నవాటిలో సగానికి పైగా నెమరు వేస్తుండాలి. ఆవు రోజుకు పది పన్నెండు గంటలు పడుకుంటుంది, ఏడెనిమిది గంటలు నెమరు వేస్తుంది. నిలబడే ఉన్నవి ఎక్కువగా కనిపిస్తే నేల తడిగానో గట్టిగానో ఉందని అర్థం, లేదా వేడికి తాళలేకపోతున్నాయి.

ఒక గొడ్డును ఎంచుకుని నెమరు లెక్కపెట్టండి. గొంతులోంచి ఉండ పైకి రావడం మెడ మీద కనిపిస్తుంది. అక్కడి నుంచి మళ్లీ మింగేదాకా దవడ ఎన్నిసార్లు కదిలిందో చూడండి. యాభై నుంచి డెబ్బై దాకా ఉంటే బాగుంది. నలభైకి దిగితే మేతలో పీచు చాలడం లేదు. తవుడు, చెక్క, దాణా ఎక్కువై వరిగడ్డి, చొప్ప తగ్గినప్పుడు ఇలా అవుతుంది. కొన్నాళ్లకు పాల కేంద్రంలో వెన్న శాతం పడిపోతుంది. చాలామంది దాన్ని దాణా లోపం అనుకుని ఇంకాస్త దాణా పెంచుతారు. దాంతో కడుపులో పులుపు మరింత పెరిగి, ఆరు నెలలకు గిట్టలు దెబ్బతింటాయి.

తర్వాత ఊపిరి. డొక్క ఎన్నిసార్లు ఎగసిందో అర నిమిషం లెక్కపెట్టి రెండుతో హెచ్చవేయండి. ఉదయం చల్లని వేళలో 15 నుంచి 30 దాకా ఉండాలి. మధ్యాహ్నం 60 దాటితే వేడి దెబ్బ మొదలైనట్టే. 80 దాటి చొంగ కారుస్తుంటే వెంటనే తడపాలి. నోరు తెరిచి, నాలుక చాపి రొప్పుతుంటే ప్రాణం మీదికి వచ్చినట్టు లెక్క. రోహిణి కార్తెలో సంకర జెర్సీ, హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) ఆవులకు ఈ లెక్క రోజూ మధ్యాహ్నం తీయాలి. ఒంగోలు ఆవుకు చెమట బాగా పడుతుంది, అది తట్టుకుంటుంది. బర్రెకు నల్లతోలు, చెమట తక్కువ. దానికి మడుగో, రోజుకు మూడు నాలుగుసార్లు నీళ్లు చల్లడమో తప్పదు.

ఇందులో నెల్లూరు తీరప్రాంతానికి ఒక చిక్కు ఉంది. ముత్తుకూరు, ఇందుకూరుపేట, అల్లూరు వైపు గాలిలో తేమ ఎక్కువ. గాలి ఆడని షెడ్డులో నీళ్లు చల్లితే ఆ తేమ అక్కడే నిలిచి గొడ్డుకు ఉక్కపోత ఇంకా పెరుగుతుంది. తోలు తడిసేదాకా పోసి, ఆపి, ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. ఆరేటప్పుడే వేడి లాగుతుంది. ఆరాక మళ్లీ పోయాలి. ఉదయగిరి వైపు పొడి గాలికి చల్లడం ఒక్కటే కూడా బాగా పనిచేస్తుంది. ఎక్కడైనా సరే, ఎండాకాలంలో మేత తెల్లవారుజామున, రాత్రి వేయండి. మధ్యాహ్నం తిన్న మేత కడుపులో అరుగుతూ ఒంటి వేడిని పెంచుతుంది.

ఇంకో మాట: గాలికుంటు (నోట్లో, గిట్టల మధ్య పుండ్లు పడే జబ్బు) వచ్చి తగ్గిన ఆవు కొన్నిసార్లు ఏళ్ల తరబడి ఎండకు రొప్పుతూనే ఉంటుంది, వెంట్రుక కూడా పొడుగ్గా పెరుగుతుంది. మిగతావన్నీ బాగుండి ఒక్కటే రొప్పుతుంటే దాని పాత జబ్బుల సంగతి అడగండి.

కొట్టాన్ని గొడ్డు ఎత్తు నుంచి చూడండి

గొడ్డు పడుకునే చోట గొంతుక్కూర్చోండి. ఆ ఎత్తులో కళ్లు మండినా, మూత్రపు ఘాటు ముక్కుకు తగిలినా గాలి చాలడం లేదు. నిలబడితే మీకు ఆ వాసన తెలియదు. తర్వాత అదే చోట మోకాళ్ల మీద ఒక్కసారిగా దిగండి. మోకాలికి నొప్పి తెలిస్తే అక్కడ 400 కిలోల గొడ్డు రోజుకు పదిహేనుసార్లు ఎలా దిగుతుందో ఆలోచించండి. మోకాలు తడిసినా అంతే. బండల మీద రబ్బరు చాపో, ఎండుగడ్డో, పొడి ఇసుకో పడాలి. ముందు మోకాళ్ల మీద, వెనక కాళ్ల మధ్య కీళ్ల మీద వెంట్రుక ఊడిందా, పుండు పడిందా, వాచిందా చూసి రాసుకోండి. ఆ గుర్తులు గొడ్డు జబ్బును కాదు, నేల పరిస్థితిని చెబుతాయి.

పలుపు పొడవు చూడండి. గొడ్డు తల పక్కకు తిప్పి డొక్క మీద పెట్టుకుని పడుకోగలగాలి. అది కుదరకపోతే పలుపు పొట్టి. మెడ మీద, ముక్కుతాడు దగ్గర ఒరుపు పుండ్లు ఉన్నాయా చూడండి. కప్పు కింద ఒక్కో ఆవుకు మూడున్నర చదరపు మీటర్లు, బర్రెకు నాలుగు ఉండాలి. బయట తిరిగే చోటు దానికి రెట్టింపు.

నీళ్లు

పాలిచ్చే గొడ్డుకు ఒంటికి కావలసిన నీళ్లు కాక, ఒక్కో లీటరు పాలకు మరో నాలుగైదు లీటర్లు కావాలి. ఎండాకాలంలో రోజుకు వంద లీటర్లు దాటుతుంది. పూటకోసారి కుడితి తొట్టి దగ్గరికి తోలుకెళ్తే సరిపోదు. గొడ్డుకు అందేలా రోజంతా నీళ్లుండాలి. తొట్టి గోడకు లోపల వేలు పెట్టి రాయండి. జిగురుగా పచ్చని నాచు వస్తే కడిగి, ఆరనిచ్చి, సున్నం కొట్టండి.

బోరు నీళ్లను ఏడాదికోసారి పరీక్ష చేయించండి. సముద్రం పక్కన, రొయ్యల చెరువుల పక్కన ఉప్పదనం పెరుగుతుంది. టీడీఎస్ (లీటరు నీళ్లలో కరిగిన లవణాలు, మిల్లీగ్రాముల్లో) 3,000 దాటితే గొడ్డు తాగడం తగ్గిస్తుంది, పేడ పలచబడుతుంది. 5,000 దాటితే చూడి గొడ్లకు, పాలిచ్చేవాటికి పెట్టకూడదు. కనిగిరి, పొదిలి వైపు బోర్లలో ఫ్లోరైడు సమస్య. పళ్ల మీద గోధుమ, నల్ల మచ్చలు, పళ్లు ఎగుడుదిగుడుగా అరగడం, చల్లని నీళ్లను నాలుకతో నాకుతూ తాగడం, కాళ్ల ఎముకల మీద గట్టి బొడిపెలు, బిగుసుకుపోయిన నడక దాని గుర్తులు. పళ్లు తయారయ్యే వయసులో ఆ నీళ్లు తాగితేనే మచ్చలు పడతాయి. కాబట్టి ముదురు ఆవు పళ్లు బాగున్నాయని నీళ్లు మంచివని అనుకోవద్దు, అక్కడే పుట్టి పెరిగిన పెయ్యల పళ్లు చూడండి. అలాంటి చోట దూడలకు, పెయ్యలకు చెరువు నీళ్లో, నిల్వ చేసిన వాన నీళ్లో పట్టడం మంచిది.

ఇప్పుడు దగ్గరికి

ఎదురుగా, రెండు మీటర్ల దూరం నుంచి, చెయ్యి కాస్త ముందుకు చాపి, క్షణానికొక అడుగు చొప్పున నడవండి. ఏ దూరంలో గొడ్డు తల వెనక్కి లాక్కుందో గుర్తుంచుకోండి. ముట్టె తాకనిచ్చేది మనిషిని నమ్మినది. కొట్టంలోవి సగం ఒక మీటరు దగ్గరికి కూడా రానివ్వకపోతే పాలు పితికేవాళ్ల చేతిలో కర్ర ఉందేమో చూడండి. భయపడిన గొడ్డు సరిగా చేపదు, అంటే పాలు దిగనివ్వదు.

థర్మామీటరు ఉదయం పూటే పెట్టండి. కొనకు నూనె రాసి, రెండంగుళాలు లోపలికి పెట్టి పక్క గోడకు ఆనించండి. పేడలో గుచ్చితే తక్కువ చూపిస్తుంది, జ్వరమున్నా తెలియదు. ఆవుకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలు, బర్రెకు కాస్త తక్కువే. 103.5 దాటితే డాక్టరుకు చెప్పాల్సిందే. ఈనిన మూడు రోజుల లోపు చెవులు చల్లబడి, 100 కిందికి దిగి, తూలుతూ ఉంటే, లేదా పడుకుని మెడను డొక్క వైపు తిప్పుకుని ఉంటే అది పాల జ్వరం. పేరు జ్వరమే కానీ ఒళ్లు కాలదు. నెత్తురులో కాల్షియం పడిపోవడం వల్ల వస్తుంది. అప్పుడు నోట్లో ఏదీ పోయవద్దు. మింగే శక్తి ఉండదు, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

కంటి కింది రెప్పను దించి లోపలి రంగు చూడండి. గులాబీ రంగులో ఉండాలి. పాలిపోతే పురుగులో, పిడుదుల వల్ల వచ్చే జ్వరమో. పసుపు తిరిగితే ఆలస్యం చేయొద్దు. మెడ పక్కన తోలు పట్టి లాగి వదలండి. రెండు సెకన్ల లోపు సర్దుకోవాలి. మూడు నాలుగు సెకన్లు ముడతగానే ఉండి, కళ్లు గుంటపడితే ఒంట్లో నీరు లేదు. గంగడోలు దగ్గర ఈ పరీక్ష పనికిరాదు, అక్కడ తోలు ఎప్పుడూ వదులుగానే ఉంటుంది.

ఎడమ వైపు, చివరి పక్కటెముక వెనక ఉండే త్రికోణపు గుంట చూడండి. మేత తిన్నాక అది దాదాపు నిండి ఉండాలి. అరచెయ్యి పట్టేంత లోతుగా ఉంటే ఆ రోజు సరిగా తినలేదు. అక్కడే పిడికిలి అదిమి రెండు నిమిషాలు ఉంచండి. లోపల పొట్ట కదిలి పిడికిలిని బయటికి తోయడం రెండు నుంచి నాలుగుసార్లు తెలియాలి. ఒక్కటీ లేకపోతే అరుగుదల ఆగింది. ఆ వైపు ఉబ్బి, తడితే డోలులా మోగితే కడుపుబ్బరం.

ఒళ్లు ఎంత పట్టిందో ఒకటి నుంచి ఐదు మార్కుల్లో వేయండి. నడుము పక్కన అడ్డంగా ఉండే పొట్టి ఎముకల కొనల మీద, తుంటి మీద, తోక మొదలు పక్కన వేళ్లతో నొక్కండి. కొనలు పదునుగా గుచ్చుకుని, తోక పక్కన లోతు గుంట పడితే ఒకటి. మెల్లగా నొక్కితే ఎముక తెలిసి, పైన పలచని కొవ్వు తగిలితే మూడు. నొక్కినా ఎముక దొరక్కపోతే ఐదు. ఈనేటప్పుడు మూడు, మూడున్నర మధ్య ఉండాలి. ఈనిన రెండు నెలల్లో ఒక్క మార్కుకు మించి పడకూడదు. అంతకంటే పడితే ఎద ఆలస్యమవుతుంది, నోటి నుంచి కుళ్లిన పండు వాసన వస్తే కీటోసిస్, అంటే ఒంటి కొవ్వు అతిగా కరగడం వల్ల వచ్చే జబ్బు. నాలుగు దాటిన గొడ్డును ఈనడానికి ముందు వారాల్లో గబగబా చిక్కనివ్వకండి, ఆ కొవ్వు కాలేయానికి పడుతుంది. బర్రె తోలు మందం, కంటితో చూసి మార్కులు వేస్తే తప్పుతాయి, చేయి పెట్టాలి.

పేడ, నడక, పిడుదులు

అప్పుడే పడిన పేడ రెండున్నర నుంచి నాలుగు సెంటీమీటర్ల ఎత్తున, చుట్టలు తిరిగి కుప్పగా నిలవాలి. పలచగా పారితే దాణా ఎక్కువో, పురుగులో. గట్టి ఉండలుగా ఉంటే నీళ్లు చాలలేదు, వట్టి వరిగడ్డి మీద బతుకుతోంది. దోసెడు పేడను జల్లెడలో వేసి నీళ్లతో కడగండి. మొక్కజొన్న గింజలు, పొడుగు గడ్డి పోచలు మిగిలితే మీ డబ్బు పేడలో పోతోంది. వరిగడ్డిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. అందుకే వరిగడ్డి మీద ఆధారపడ్డ గొడ్డుకు రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం తప్పనిసరి. వానల్లేక కురచబడిన లేత జొన్నను మాత్రం పూతకు ముందు వేయకండి, అందులోని నాము విషం నిమిషాల్లో చంపుతుంది.

నడకను చదునైన గట్టి నేల మీద, పక్క నుంచి చూసి దీనికీ ఒకటి నుంచి ఐదు మార్కులు వేయండి, ఇక్కడ మార్కు పెరిగేకొద్దీ కుంటు ఎక్కువ. నిలబడినా నడిచినా వీపు తిన్నగా ఉంటే ఒకటి. నిలబడితే తిన్నగా, నడిస్తే వంగితే రెండు. రెండింట్లోనూ వంగితే మూడు. ఒక కాలి మీద బరువు తగ్గిస్తే నాలుగు. ఆ కాలు అసలు మోపకపోతే ఐదు. కుంటడం కంటికి కనిపించేది నాలుగో మార్కు దగ్గర, గిట్ట చికిత్స సులువుగా కుదిరేది రెండు, మూడు దగ్గర.

పిడుదుల కోసం చెవి లోపల, గంగడోలు మడతల్లో, పొదుగు వెనక, తోక కింద వేళ్లు పోనివ్వండి. సంకర ఆవుల్లో వీటి వల్ల థైలేరియా, బెబీసియా అనే నెత్తురు జబ్బులు వస్తాయి. 104 దాటిన జ్వరం, జబ్బ ముందు గడ్డ వాపు, ఎర్రటి లేదా కాఫీ రంగు మూత్రం కనిపిస్తే ఒక్క పూట కూడా ఆగొద్దు. కడుపు నిండిన ఆడ పిడుదు గొడ్డు మీది నుంచి రాలి గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. ఒంటికి మాత్రమే మందు కొట్టి గోడలు వదిలేస్తే నెల తిరక్కుండా మళ్లీ వస్తాయి. పగుళ్లు పూడ్చి, సున్నం వేయండి. మందు సీసా మీద రాసిన మోతాదులోనే కలపండి, ముందు కడుపునిండా నీళ్లు తాగించి, చల్లని పూట కొట్టండి. దాహంతో ఉన్న గొడ్డు ఒళ్లు నాకుతుంది.

పొదుగు

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. వెనక నుంచి చూసి పొదుగు, పిక్కలు ఎంత మురికిగా ఉన్నాయో రాయండి. పొదుగు మీద పేడ అట్టలు కట్టిన గొడ్లు ఐదింట ఒకటి దాటితే పొదుగువాపు రావడానికి దారి తెరిచినట్టే. పితకకముందు నాలుగు భాగాలనూ చేత్తో తడమండి. ఒకటి వేడిగా, గట్టిగా, మిగతా మూడింటికంటే పెద్దగా లేదా చిన్నగా ఉందా? ప్రతి చన్ను నుంచి మొదటి రెండు మూడు ధారలు నల్ల పలక మీద పితకండి. నలుపు మీద ఒక్క తెల్ల పలుకున్నా, నీళ్ల పాలైనా, నెత్తురు చారైనా కనిపిస్తుంది. నేల మీద పితకవద్దు, క్రిములు నేలంతా పరుచుకుంటాయి.

పాలు చూడటానికి బాగున్నా లోపల వాపు ఉండొచ్చు. దానికి సబ్బుపొడి పరీక్ష ఉంది. అర లీటరు నీళ్లలో 15 గ్రాముల బట్టల పొడి కలపండి, ఆ రోజుది ఆ రోజే వాడండి. నాలుగు కప్పుల్లో నాలుగు చన్నుల పాలు విడివిడిగా పట్టి, అంతే ద్రావణం పోసి, పది పదిహేను సెకన్లు గుండ్రంగా తిప్పండి. పలచగానే ఉంటే బాగుంది. జిగురులా, గుడ్డు తెల్లసొనలా సాగితే ఆ భాగంలో వాపు ఉంది. ఈనిన మొదటి వారంలోనూ, ఒట్టిపోయే ముందు పాలు బాగా తగ్గిన రోజుల్లోనూ ఈ పరీక్ష చేయవద్దు, లేని జబ్బు చూపిస్తుంది. నాలుగు కప్పుల్లో ఒక్కటే వేరుగా ఉంటే ఫలితం నమ్మదగినది.

పితికే చేతినీ చూడండి. బొటనవేలు మడిచి చన్నును దాని మీద నొక్కి లాగే అలవాటు చాలామందికి ఉంది. దాంతో చన్ను లోపలి పొర నలుగుతుంది, కొన చుట్టూ గరుకు వలయం లేస్తుంది. ఆ గరుకులోనే క్రిములు చేరతాయి. పిడికిలి మొత్తంతో, పొడి చేత్తో పితకాలి. చేపిన తర్వాత ఐదు నుంచి ఏడు నిమిషాల్లో ముగించాలి. పితికాక చన్నులు 0.5 శాతం అయోడిన్ ద్రావణంలో ముంచి, గొడ్డు ఎదుట పచ్చిమేత వేయండి. అరగంట నిలబడితే చన్ను రంధ్రం మూసుకుంటుంది. వాపున్నదాన్ని అన్నిటికంటే చివర పితకండి. మందు వాడుతున్నప్పుడు, డాక్టరు చెప్పిన గడువు దాటేదాకా ఆ పాలు కేంద్రంలో పోయవద్దు.

చేపుకు ఆక్సిటోసిన్ సూది వేసే కొట్టాలు ఇంకా ఉన్నాయి. పాల కోసం గొడ్డు ఆరోగ్యానికి హాని చేసే సూది మందు ఇవ్వడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం నేరం. మెడ మీద సూది గాట్లు, సూది లేకుండా చేపకపోవడం దాని గుర్తులు. కొనే ముందు ఒక పూట మీ ఎదుట సూది లేకుండా పితికించి చూడండి.

ఎద, చూడి, దూడ

ఈనిన తేదీ, ఎదకు వచ్చిన తేదీ, ఎదసూది (కృత్రిమ గర్భధారణ) వేయించిన తేదీ పేజీలో మొదట రాయండి. ఈనిన 45 నుంచి 60 రోజుల్లో ఎద కనిపించాలి, తర్వాత ప్రతి 21 రోజులకు. బర్రెల్లో మూగ ఎద, అంటే పైకి గుర్తులు కనిపించని ఎద, ఎక్కువ. తెల్లవారుజామున, రాత్రి తోక కింద తీగలు సాగుతున్నాయా చూడాలి. ఎదసూది తర్వాత రెండు మూడు నెలలకు చూడి పరీక్ష చేయించండి. ఈనడానికి 60 రోజుల ముందు పాలు ఆపేయండి.

దూడలను చూడకుండా ఏ కొట్టానికీ మార్కులు వేయకండి. పాలన్నీ కేంద్రానికి పోయి బర్రె దూడలు ఎండిపోవడం మన వైపు ఎక్కువ. పుట్టిన రెండు గంటల లోపు జున్నుపాలు తాగిందా? మొదటి రోజు మొత్తం మీద దాని బరువులో పదో వంతు అందిందా? బొడ్డుకు టింక్చర్ అయోడిన్ రాశారా? బర్రె దూడకు తల్లి పాల ద్వారానే పెద్ద ఏలికపాములు వస్తాయి. పది పదిహేను రోజులకే మొదటి మందు పట్టించాలి. బంకమట్టిలా తెల్లటి, కంపు కొట్టే పేడ, పెద్ద పొట్ట, గరుకు వెంట్రుక కనిపిస్తే అది పట్టించలేదని చెప్పవచ్చు. ఆడ దూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య బ్రూసెల్లా (చూడి ఈసుకుపోయే జబ్బు) టీకా జీవితంలో ఒక్కసారే. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి, గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందే పడాలి. ఈసుకుపోయిన పిండాన్ని, మాయను వట్టి చేత్తో ముట్టవద్దు, బ్రూసెల్లా మనుషులకూ వస్తుంది.

ఫోను చేసేటప్పుడు

రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికో, పశువుల అంబులెన్సు నంబరు 1962కో ఫోను చేసేముందు పుస్తకం చేతిలో పెట్టుకోండి. ఈనిన తేదీ, ఉదయపు జ్వరం, ఊపిరి, డొక్క కదలికలు, పేడ, మూత్రం రంగు, నిన్నటి పాలు, నేటి పాలు ఈ వరుసలో చెప్పండి. ఇంతకుముందు ఏ సూది, ఎప్పుడు వేయించారో దాచకుండా చెప్పండి. లేవలేని గొడ్డును డాక్టరు వచ్చేదాకా నీడలో, పొడి నేల మీద, కూర్చున్న భంగిమలో రెండు పక్కలా గడ్డి మోపులు ఆనించి ఉంచండి. పక్కకు వాలిపోతే పొట్టలో గ్యాసు బయటికి రాక ఊపిరాడదు. పొదుగువాపు అనుమానముంటే మందు పడకముందే, చన్ను కొన శుభ్రంగా తుడిచి, ఉడికించి ఆరబెట్టిన సీసాలో కాసిన్ని పాలు పట్టి ఐసులో ఉంచండి. ఏ క్రిమో, దానికి ఏ మందు పనిచేస్తుందో ల్యాబులో ఆ సీసాను బట్టే తేలుతుంది.